బొమ్మల గది, భోజనాల పందిరి

మ్యూజియంలో పనిచేశాను అనగానే ఎదుటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "అక్కడ రోజంతా ఏం చేస్తారండీ?" ముప్ఫై ఏళ్ళ పాటు ఆ ప్రశ్నకు నవ్వేసి ఊరుకున్నాను. నేను రిటైరై రెండేళ్ళయింది. నా సీట్లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మొన్న ఫోన్ చేసి అదే అడిగింది. "మేడమ్, రూల్సన్నీ చదివాను. అసలు పనేంటో మీరు చెప్పండి" అంది. ఫోన్‌లో ఏదో చెప్పాను గానీ నాకే తృప్తిగా అనిపించలేదు. అందుకని తీరుబడిగా రాస్తున్నాను.

మాది బందరులో ఒక చిన్న మ్యూజియం. నాలుగు గదులు, ఒక వరండా, వెనకాల పెద్ద ఖాళీ స్థలం. మొదటి గదిలో కలంకారీ బట్టలు, వాటి చెక్క అచ్చులు. రెండో గదిలో పాత ఓడరేవుకు సంబంధించిన సామాను. మిగతా రెండూ మారే ప్రదర్శనల కోసం. నేను గైడుగా చేరాను, తర్వాత ప్రదర్శనలన్నీ నా చేతికి వచ్చాయి. చల్లపల్లి దగ్గర పల్లెలో మా నాన్నగారు బడి మాస్టారు. ఆదివారం చర్చిలో వాక్యం ఆయనే చదివేవారు. వెనక వరసలో కూర్చున్న ముసలమ్మకు కూడా ప్రతి మాటా అందేలా, నిదానంగా చదివేవారు. గైడు పనికి నేను తెచ్చుకున్న పెట్టుబడి ఆ నిదానమే.

మా క్యూరేటరు సుబ్రహ్మణ్యం గారు. గుడివాడలో ఇల్లు, రోజూ ప్యాసింజరు రైల్లో వచ్చేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నంత నేను ఏ ట్రైనింగులోనూ నేర్చుకోలేదు. నేను చేరిన వారంలో నన్ను కలంకారీ గదిలో ఒక మూల స్టూలు మీద కూర్చోబెట్టారు. "ఏమీ చెప్పకు విమలా. వచ్చినవాళ్ళ కాళ్ళు చూడు. ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ ఆగకుండా వెళ్ళిపోతున్నారో రాసుకో" అన్నారు. మూడు రోజులు అదే పని. జనం ఎక్కువసేపు నిలబడేది ఫ్యాను కింద అని మూడో రోజుకి తెలిసింది. వస్తువులు పెట్టిన బల్లల్ని ఫ్యాన్ల కిందకి జరిపించాం. మీరు కూడా ముందు ఆ పని చెయ్యండి.

నెయ్యి మరక

"బందరులో ఏముందండీ చూడ్డానికి, లడ్డూ తప్ప" అని ఊళ్ళోవాళ్ళే అనేవారు. ఆ మాట విని విని నాకు ఒక ఆలోచన వచ్చింది. లడ్డూ కోసమే రానివ్వండి, రావడమంటూ వస్తారు కదా. నెలకో శనివారం సాయంత్రం ఒక ప్రదర్శన, దానితో పాటు మన ప్రాంతపు తిండి. సుబ్రహ్మణ్యం గారు రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు.

మొదటి సాయంత్రం కలంకారీ. పెడన నుంచి ఇద్దరు అద్దకం పనివాళ్ళు వచ్చి అచ్చు వేసి చూపించారు. వచ్చినవాళ్ళందరికీ కాగితం ప్లేట్లలో తొక్కుడు లడ్డూ, బందరు హల్వా పెట్టాం. మేం అనుకున్నదానికి మూడింతల మంది వచ్చారు. నేను గాల్లో తేలిపోతున్నాను. ప్లేట్లు పట్టుకుని జనం గదుల్లో తిరుగుతుంటే, మ్యూజియం పెళ్ళిల్లులా ఉందని మురిసిపోయాను.

మర్నాడు పొద్దున చూస్తే, గోడకు వేలాడదీసిన పాత దుప్పటి మీద నాలుగు వేళ్ళ గుర్తులు. హల్వా నెయ్యి. ఎవరో దాని మీద అద్దిన చెట్టు కొమ్మ మీది చిలకను ముట్టుకుని చూశారు. ఎంత బాగుందోనని ముట్టుకుని ఉంటారు. నేను ఏడుపు మొహంతో సుబ్రహ్మణ్యం గారి దగ్గరికి వెళ్ళి, "ఎవరో ముట్టుకున్నారండీ. మన జనానికి బుద్ధి లేదు" అన్నాను.

ఆయన మరకను చాలాసేపు చూశారు. తర్వాత అడిగారు: "చేతులు కడుక్కోడానికి నీళ్ళు ఎక్కడ పెట్టావమ్మా?"

నేను పెట్టలేదు. హల్వా పెట్టాను, చేతులు తుడుచుకోడానికి కాగితాలు కూడా పెట్టలేదు. పెడన పనివాళ్ళను అడిగితే, ఉతికితే పాత రంగు కూడా పోతుంది, అలాగే ఉంచెయ్యమన్నారు. ఆ నాలుగు వేళ్ళూ ఇప్పటికీ ఉన్నాయి. ఆ తర్వాత భోజనాలు ఎప్పుడూ వెనక ఖాళీ స్థలంలో వేసిన పందిట్లోనే, గదులకూ పందిరికీ మధ్య రెండు కుళాయిలతో. చూడ్డానికి వచ్చినవాళ్ళు తప్పు చేశారంటే, వాళ్ళ చేత ఆ తప్పు చేయించిన మన ఏర్పాటు ఏదో ఒకటి ఉంటుంది. ముందు దాన్ని వెతకండి.

గుడివాడ మాస్టారి చెరువులు

గుడివాడలో ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవారు. పదేళ్ళుగా చేపల చెరువులే గీసేవారు. పొద్దుటి చెరువులు, వాన చెరువులు, ఎండిన చెరువులు. ఒక సాయంత్రం ఆయన బొమ్మలు పెట్టాం. పందిట్లో రొయ్యల వేపుడు, గారెలు. జనం పందిట్లోకి నిండుగా వచ్చారు. గదిలోకి తొంగి చూసినవాళ్ళు "చెరువులేగా" అనుకుని వెనక్కి తిరిగారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మాస్టారు తన బొమ్మల మధ్య ఒక్కరే కూర్చున్నారు. ఆయన మొహం చూడలేక నేను ఊరికే అటూ ఇటూ తిరిగాను.

చివర్లో ఇద్దరు వచ్చారు. కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల మీద మేత వేసే పనివాళ్ళు. రొయ్యలు తెచ్చిన వ్యానులోనే వచ్చారు. చెరువు నీళ్ళు చిలికే ఏరేటరు ఉన్న ఒక బొమ్మ ముందు నిలబడి వాదించుకోవడం మొదలుపెట్టారు.

"ఏరేటరు ఇట్టా పెడితే నీళ్ళు మూలకి తిరగవురా."

"గాలి ఎటుందో చూడు ముందు. ఆ గాలికి ఇట్టానే పెట్టాలి."

మాస్టారు లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళారు. ముగ్గురూ ముప్పావుగంట ఆ బొమ్మ ముందు చేతులూపుకుంటూ మాట్లాడుకున్నారు. వెళ్ళేటప్పుడు మాస్టారి మొహం వెలిగిపోతోంది. "నా ఏరేటరు తప్పేనటమ్మా. ఎంత దగ్గరగా చూశారో చూశావా" అన్నారు.

నేను ఆహ్వానాలు పంపింది లాయర్లకు, లెక్చరర్లకు, రోటరీ వాళ్ళకు. చెరువుల మీద బతికేవాళ్ళను పిలవాలని నాకు తోచనే లేదు. అలా తోచకపోవడానికి నా దగ్గర ఇప్పటికీ సరైన సంజాయిషీ లేదు.

దివిసీమ సాయంత్రం

ఇక్కడిదాకా రాసినవి చిన్న తప్పులు. ఇది పెద్దది.

బందరులో ఒక ఫోటోగ్రాఫరు పోయాక ఆయన పిల్లలు ఒక పెట్టె తెచ్చి మాకిచ్చారు. అందులో డెబ్బై ఏడులో వచ్చిన ఉప్పెన తర్వాత దివిసీమలో ఆయన తీసిన ఫోటోలు. చాలావాటిని గోడకు ఎక్కించే ధైర్యం మాకు లేకపోయింది. చూడగలిగినవి ఇరవై దాకా ఏరాం. అందులో ఒకటి నన్ను వదల్లేదు. సహాయ శిబిరంలో అన్నం పెట్టే వరస. ముందు ఒక పడుచామె, ఆమె చెయ్యి పట్టుకుని ఏడెనిమిదేళ్ళ పిల్ల. పిల్ల రెండో చేతిలో సత్తు పళ్ళెం. కింద కార్డు నేనే రాశాను: "తల్లీబిడ్డలు. పేర్లు తెలియవు."

ఆ శనివారానికి దివిసీమ భోజనం అనుకున్నాం. అవనిగడ్డలో భోజన హోటలు నడిపే నాంచారమ్మ గారి చేతి చేపల పులుసు గురించి అందరూ చెప్పేవారు. ఆవిణ్ణి వంటకు పిలిచాను. ఆ ఫోటోను పెద్ద ఫ్లెక్సీగా వేయించి పందిట్లో వడ్డించే బల్ల వెనక కడదామన్న ఆలోచన కూడా నాదే. దివిసీమ సాయంత్రం, దివిసీమ భోజనం, ఫోటోలో కూడా అన్నమే ఉంది, ఎంత చక్కగా కుదిరింది అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే నా చెయ్యి సిగ్గుపడుతోంది. సుబ్రహ్మణ్యం గారికి కూడా నచ్చింది. ఆహ్వాన పత్రిక మీద ఆ ఫోటోనే వేయించారు.

నాంచారమ్మ గారు మధ్యాహ్నానికే ఆటోలో గిన్నెలతో దిగారు. నలభై అయిదేళ్ళుంటాయి, సన్నటి మనిషి. కొంగు నడుముకు చుట్టి పని మొదలుపెడితే మళ్ళీ తలెత్తలేదు. పండుగప్ప పులుసు, గోంగూర రొయ్యలు, మెత్తళ్ళ వేపుడు, చేపలు తిననివాళ్ళకు దోసకాయ పప్పు. నాలుగు గంటలకు ఫ్లెక్సీ కట్టారు, కింద నా కార్డు మాటలతో సహా. పులుసు దించి, బల్ల ఎక్కడ వేశారో చూసుకుందామని ఆవిడ పందిట్లోకి వచ్చారు. నేను కుర్చీలు వేయిస్తున్నాను.

ఎంతసేపు అలా నిలబడ్డారో తెలియదు. నేను చూసేసరికి చేతిలో మసిగుడ్డ అలాగే ఉంది.

"ఈ బొమ్మ ఎక్కడిదండి మేడమ్?"

"బందరు ఫోటోగ్రాఫరు ఒకాయన తీశారమ్మా. ఉప్పెన అయిన వారానికి."

"తల్లీబిడ్డలని రాశారు. ఎవరు చెప్పారండి మీకు?"

"ఎవరూ చెప్పలేదు. చూస్తే అలా అనిపించింది."

ఆవిడ సత్తు పళ్ళెం వైపు వేలు చూపించారు. "ఆ పిల్లని నేనేనండి" అన్నారు.

నేను ఒక కుర్చీ లాగాను. ఆవిడ కూర్చోలేదు.

"ఆవిడ మా అమ్మ కాదండి. మా అమ్మ నీళ్ళల్లో పోయింది. మా నాన్న, తమ్ముడు, అందరూ పోయారు. ఈవిడెవరో నాకు తెలవనే తెలవదు. వాళ్ళది వేరే ఊరు. ఆ పొద్దున వరసలో వెనకాల ఏడుస్తా నిలబడి ఉంటే, నా చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కుంది. ఆవిడ పిల్లలు ముగ్గురూ పోయారంట. వీరమ్మని పేరు. ఆ తర్వాత నన్ను పెంచింది ఈవిడేనండి. ఇప్పుడూ మా ఇంట్లోనే ఉంది."

"నాంచారమ్మ గారూ, నాకు తెలియదండీ..."

"మీకెలా తెలుస్తదండి. మిమ్మల్ని అనట్లేదు. వంట అయిపోయింది. పెట్టుకోండి, ఏ లోటూ ఉండదు. నేను మాత్రం ఆ బొమ్మ ముందు నిలబడి వడ్డించలేనండి. వచ్చినోళ్ళంతా రొయ్యలు తింటా, మేం ఆకలితో నిలబడ్డది చూస్తా ఉంటారు. అది నా వల్ల కాదు."

నేను సుబ్రహ్మణ్యం గారి గదికి పరిగెత్తాను. ఆయన విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకు బాధ కలగలేదని నేను అనను. కానీ ఆయనకు ఒక బలహీనత ఉంది. పై అధికారులు వస్తున్నారంటే ఆ రోజుకి ఆయన వేరే మనిషి. "ఇన్విటేషన్ మీద అదే వేశాం విమలా. పెద్దాఫీసరు గారు దాన్ని మెచ్చుకుని మరీ వస్తున్నారు. వచ్చి ఏదీ అంటే ఏం చెప్తాం?"

"ఉన్నదే చెబుదామండీ."

"అంతమందిలో ఆవిడ కథ చెబుతామా? అది ఇంకా అన్యాయం కాదూ? ఆవిడ వడ్డించకపోతే మనవాళ్ళు వడ్డిస్తారు. లోపల కూర్చోమను."

"ఆ మాట మీరు వచ్చి ఆవిడతో చెప్పండి సార్."

ఆయన లేవలేదు. బల్ల మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టారు.

నేను పందిట్లోకి వచ్చి వాచ్‌మన్‌ను నిచ్చెన తెమ్మన్నాను. "సారు చెప్పారాండి?" అని అడిగాడు. "నేను చెబుతున్నాను" అన్నాను. ఒక పక్క తాళ్ళు అతను విప్పాడు, రెండో పక్క నేను విప్పాను. నా ఉద్యోగంలో పై అధికారి మాట కాదని చేసిన పని అదొక్కటే. ధైర్యం అనుకోకండి. ముడి విప్పుతూ రెండుసార్లు ఆయన గది గుమ్మం వైపు చూసుకున్నాను. నిచ్చెన దిగేసరికి సుబ్రహ్మణ్యం గారు వరండాలో నిలబడి చూస్తున్నారు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయారు.

ఆరింటికి పెద్దాఫీసరు గారు వచ్చారు. గదులన్నీ చూసి పందిట్లోకి రాగానే అడిగారు, "ఆ ఫోటో ఇక్కడ పెద్దది పెడతామన్నారే?" నేను నోరు తెరిచేలోపు సుబ్రహ్మణ్యం గారు ముందుకు వచ్చారు. "గాలికి చిరిగిందండీ. బాగోదని నేనే తీయించేశాను" అన్నారు. ఆ రోజు ఆకు కదల్లేదు. ఆఫీసరు గారు తలూపి కూర్చున్నారు. సుబ్రహ్మణ్యం గారు నాకు అనుమతీ ఇవ్వలేదు, నన్ను పట్టీ ఇవ్వలేదు. ఆ తర్వాత మూడు వారాలు పని మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు. ఇంతకన్నా మంచి పై అధికారులు ఉండొచ్చు. నాకు తగల్లేదు.

నాంచారమ్మ గారే వడ్డించారు. "ఇంకొంచెం పులుసు వేసుకోండి", "ముల్లుంది చూసుకోండి" అంటూ ప్రతి విస్తరి దగ్గరా ఆగారు. అంత రుచైన పండుగప్ప మళ్ళీ తినలేదని అందరూ అంటారు. నేను ఆ రోజు తినలేకపోయాను.

కార్డు

లోపల గోడ మీద అసలు ఫోటో, చిన్నది, అలాగే ఉంది. గిన్నెలు ఆటోలో ఎక్కించేటప్పుడు నాంచారమ్మ గారిని అడిగాను, అది కూడా తీసెయ్యమంటారా అని. ఆవిడ గదిలోకి వెళ్ళి ఒక్కసారి చూసి వచ్చారు. "తియ్యమని నేనెట్టా చెప్తానండి. అందులో నేనొక్కదాన్నే లేనుగా. మా అమ్మని తీసుకొస్తా. ఆవిణ్ణడగండి" అన్నారు.

సోమవారం కార్డు తీసేశాను. ఫోటో పేరు లేకుండా ఉంది. తెలియకుండా ఊహించి రాసిందాన్ని నిజంలా అచ్చు వేయించాను కదా అన్న బాధ నన్ను లోపల తొలుస్తూనే ఉంది. గైడుగా పదిమందికీ "ఆధారం లేకుండా ఏదీ చెప్పకూడదు" అని నేర్పినదాన్ని. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. నాంచారమ్మ గారిని వంటకు పిలిచానే గానీ, ప్రదర్శన చూడ్డానికి రమ్మని పిలవలేదు. వారం ముందు పిలిచి గదులు చూపించి ఉంటే, ఆవిడ ఆ ఫోటోను అంతమంది కుర్చీల మధ్య, చేతిలో మసిగుడ్డతో చూడాల్సి వచ్చేది కాదు. అప్పటినుంచి నేను రిటైరయ్యేదాకా, ఎవరు వండినా సరే, ప్రదర్శన ముందుగా చూసేది వాళ్ళే. ఈ పద్ధతి ఏ రూల్సులోనూ లేదు. మీరు మాత్రం మానకండి.

నెల తిరిగాక ఒక బుధవారం వాళ్ళిద్దరూ వచ్చారు. మ్యూజియంలో ఎవరూ లేరు. వీరమ్మ గారికి డెబ్బైకి దగ్గర. కంటి ఆపరేషనయిందట, నల్ల కళ్ళద్దాలు. బస్సులో నడుం పట్టేసిందని కూతురి భుజం మీద చెయ్యి వేసి నడిచారు. ఫోటో ముందు కుర్చీ వేశాను. సుబ్రహ్మణ్యం గారు కూడా వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

ఆవిడ కళ్ళద్దాలు తీసి చూశారు. మొహంలో ఏ మార్పూ లేదు. "ఈ చీర నాది కాదు. ఎవరో ఇచ్చింది" అన్నారు. నాంచారమ్మ గారు పక్కన నేల మీద కూర్చుని తల్లి మోకాలు నిమురుతున్నారు.

అన్నాళ్ళూ ఆ ఫోటోను చూసినా, నేను అప్పుడే ఒకటి గమనించాను. ఫోటోలో ఆ పడుచామె పిల్ల వైపు చూడ్డం లేదు. కెమెరా వైపూ చూడ్డం లేదు. పక్కకు, ఎటో చూస్తోంది. అడగొచ్చో లేదో తెలియక, మెల్లగా అడిగాను, "ఎటు చూస్తున్నారమ్మా ఇందులో?"

"గరిట వంకండి" అన్నారావిడ వెంటనే. నలభై ఏళ్ళనాటి సంగతి నిన్నటిదన్నట్టు చెప్పారు. "అన్నం పెట్టేవాడు మనిషికో గరిట వేసి పంపించేస్తున్నాడు. మా ఇద్దరికీ ఒకటే పళ్ళెం ఉంది. రెండు వేస్తాడో వెయ్యడో అని చూస్తన్నా."

"వేశాడా?"

"వెయ్యకపోతే వదుల్తానా!" అని నవ్వారు. ఆ నవ్వుకు నాంచారమ్మ గారు మొహం తల్లి ఒడిలో పెట్టేసుకున్నారు.

సుబ్రహ్మణ్యం గారు గుమ్మం దగ్గరి నుంచి లోపలికి వచ్చారు. "ఈ ఫోటో ఉంచమంటారా, తీసెయ్యమంటారామ్మా? మీరు ఏది చెబితే అది" అన్నారు.

"ఉంచండి. పేర్లు వెయ్యండి. నా పేరు, దీని పేరు. దీన్ని కన్నతల్లి పేరు కూడా వెయ్యండి. సీతమ్మ. బొమ్మలో లేకపోతే మాత్రం ఏం, ఎక్కడో ఒకచోట ఉండాలిగా ఆ పేరు." నా వైపు తిరిగారు. "ఇంతకు ముందు ఏం రాశారంట మీరు?"

నేను తల వంచుకుని చెప్పాను. "తల్లీబిడ్డలు అని రాశానండి. తెలుసుకోకుండా తప్పు రాశాను."

ఆవిడ మళ్ళీ ఒకసారి ఫోటో వైపు చూశారు.

"తప్పేముందమ్మా అందులో," అన్నారు వీరమ్మ గారు. "అప్పటికి పొద్దుటినుంచీ తల్లీబిడ్డలమేగా."